టేపులో లేని పది

బాత్‌రూములో నీళ్ళు చీలమండల దాకా నిలిచిపోయాయి. ఊరందరి తూములూ బాగుచేసే ప్లంబరు సొంత ఇంట్లో ఇలా జరగడం వారం రోజుల్లో ఇది రెండోసారి.

"ఇసక," అన్నాడు ప్లంబరు. మోచేతి దాకా తూములో చెయ్యి పెట్టి, గుప్పెడు పైకి తీసి గచ్చు మీద పోశాడు. "జుట్టు కాదు, సబ్బు ముక్క కాదు. ఇసక! నేనిక్కడ మేడేమైనా కడుతున్నానా?"

"నావైపు చూస్తావేంట్రా?" అంది వాళ్ళమ్మ వసారాలోంచి. "నేను పోసుకునేది నాలుగు చెంబులు. నువ్వే పని నుంచొచ్చి ఆ బూట్లు లోపల కడుగుతావు."

"బూట్లు బయట పంపు దగ్గర కడుగుతానమ్మా."

"ఒకసారి లోపల కడిగావు. కళ్ళారా చూశాను."

"అది పోయినేడాది!"

"ఇసక ఏడాదైనా ఎక్కడికీ పోదు."

ఈ వాదన పది నిమిషాలు నడిచింది. ప్లంబరు భార్య అందులో తలదూర్చలేదు. ఆమె బట్టల షాపులో ఆల్టరేషన్లు చేస్తుంది; మాట కన్నా ముందు వేళ్ళు పనిచేస్తాయి. గచ్చు మీద పోసిన దాంట్లోంచి చిటికెడు తీసి బొటనవేలితో నలిపి చూసింది. మట్టి లేదు, సున్నం లేదు. జల్లించిన ఇసక.

"డిటెక్టివ్ గారూ, దొంగ దొరికాడా?" అన్నాడు మొగుడు. అనుమానాల మనిషని ఆమెకి అతను పెట్టిన పేరది.

"రాత్రి అందరి స్నానాలూ అయ్యాక బాత్‌రూము నేను కడిగాను. నీళ్ళు గలగలా పోయాయి."

"అయితే?"

"ఏం లేదు."

ఆమె ఏం లేదు అన్నదంటే ఏదో ఉందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కూతురు సాయంత్రం బడి మైదానంలో లాంగ్ జంప్ ప్రాక్టీసు చేసి, ఇంటికొచ్చి ఒళ్ళు కడుక్కుంటుంది. ఆ ఇసక రాత్రే పోయింది. ఇది పొద్దుటి ఇసక. పొద్దున ఇప్పటిదాకా స్నానం చేసింది కూతురొక్కతే.

కూతురు వంటింట్లో నిలబడి పాలు తాగుతోంది. తొమ్మిదో తరగతి. సన్నగా, మోకాళ్ళే ముందు కనబడేలా ఉంటుంది. మూడేళ్ళప్పుడు మంచం మీంచి కుర్చీ మీదికి దూకిందని నాన్నమ్మ మిడత అని పిలిచింది. అదే నిలిచిపోయింది. పన్నెండు రోజుల కిందట బడిలో సెలక్షన్ పెడితే ఆరుగురిలో మొదటిదై, జిల్లా పోటీలకి వెళ్ళే చోటు దక్కించుకుంది. అక్కడ మొదటి ముగ్గురిలో ఉంటే క్రీడా హాస్టల్లో సీటిస్తారు.

"ఎన్నింటికెళ్ళావు పొద్దున?"

"ఆరింటికి. చెప్పాను కదమ్మా, స్పెషల్ క్లాసు. లెక్కలు."

"లెక్కలు చేసొచ్చి మళ్ళీ స్నానమెందుకు?"

"చెమట పట్టింది."

"లెక్కలకి చెమట పట్టిందా?"

"మా సారిచ్చే లెక్కలు నువ్వు చేసి చూడు, నీకూ పడుతుంది."

నాన్నమ్మ పకపకా నవ్వింది. మిడత మాత్రం నవ్వకుండా గ్లాసు కడిగి బోర్లించి, సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది. గ్లాసు అడగకుండా కడిగింది. తల్లికి అదే ఇంకా నచ్చలేదు.

షాపుకి బయల్దేరుతూ మేకుకి వేలాడుతున్న కొలతల టేపు తీసి మెడలో వేసుకుంది. చల్లగా తగిలింది. తీసి చూస్తే సగం దాకా తడి. కొసన ఇత్తడి బిళ్ళ మడతలో నాలుగు ఇసక రేణువులు ఇరుక్కుని ఉన్నాయి. సూదిమొనతో వాటిని బయటికి లాగి, అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, ఊదేసింది.

*

షాపులో ఆమె చోటు మెట్ల కింద. ఒక కుట్టుమిషను, ఒక బల్ల, ఇస్త్రీ పెట్టె. పైన బట్టలు కొన్నవాళ్ళు కిందికొచ్చి పొడుగు తగ్గించుకునో నడుము వదులు చేయించుకునో పోతారు. మధ్యాహ్నం దాటాక లెక్కల మాస్టారు కొత్త ప్యాంటు పట్టుకుని దిగాడు. ఆయన్ని చూడగానే ఆమె చేతిలో పని పక్కన పెట్టేసింది.

"తిన్నగా నిలబడండి మాస్టారూ. కాళ్ళు చూడకండి, కాళ్ళు చూస్తే పొడుగు మారిపోతుంది." మోకాలి మీద కూర్చుని మడమ దగ్గర సుద్దతో గీత పెడుతూ అడిగింది. "పొద్దున్నే పిల్లల కోసం చాలా కష్టపడుతున్నారంట."

"నేనా?"

"అదే, ఆరింటి స్పెషల్ క్లాసులు."

"ఆరింటికి నేను నిద్రే లేవనమ్మా," అని మాస్టారు పైనుంచి నవ్వాడు. "స్పెషల్ క్లాసులు వచ్చే నెల నుంచి. ఎవరు చెప్పారు?"

సుద్దగీత కాస్త వంకరపోయింది. ఆమె దాన్ని చేత్తో దులిపేసి మళ్ళీ గీసింది. "ఎవరో అనుకుంటుంటే విన్నాన్లెండి. మడత లోపలికి రెండంగుళాలు ఉంచనా?"

ఆయన వెళ్ళాక ప్యాంటు అంచు కుట్టు విప్పదీస్తూ ఆలోచించింది. అబద్ధం ఖాయం. అబద్ధం వెనక ఏముందనేదే తేలాలి. పదిహేనేళ్ళ పిల్ల పొద్దున ఆరింటికి అబద్ధం చెప్పి వెళ్తోందంటే ఏ తల్లికైనా మొదట తట్టేది ఒకటే. కానీ అబ్బాయి కోసం వెళ్ళే పిల్ల తల దువ్వుకుని వెళ్తుంది. ఇది జుట్టు గట్టిగా వెనక్కి లాగి కట్టుకుని వెళ్తోంది. పైగా కొలతల టేపెందుకు?

ఇంటికెళ్ళాక, మిడత ప్రాక్టీసు నుంచి రాకముందే, ఉతకాల్సిన బట్టల బుట్ట ముందేసుకుని కూర్చుంది. జేబులు తిరగేసింది. ఒక జేబులో మూడు తలపిన్నులు దొరికాయి. మిడత తలపిన్నులు పెట్టుకోదు. నిక్కరు వెనక కుట్టు రెండు చోట్ల పిగిలింది. నిలబడినా నడిచినా కుట్టు అక్కడ పిగలదు. దబ్బున కూలబడితే పిగులుతుంది. అదీ ఒకసారి కాదు, చాలాసార్లు. గడప పక్కన విడిచిన పాతబూట్లు తిప్పి చూసింది. ఎడమదాని ముందువైపు అరిగి నున్నగా అయింది, కుడిది బాగానే ఉంది.

"ఏమండీ, దాని ఎడమకాలి బూటొక్కటే అరిగింది," అంది మొగుడితో.

"అయితే ఎడమకాలి బూటొక్కటే కొందాం."

"మీకన్నీ నవ్వులాటే."

"నీకన్నీ నేరాలే. అబద్ధం చెప్పిందంటున్నావు, పిలిచి అడుగు."

"అడిగితే ఇంకోటి చెప్తుంది. మొదటిదే ఎంత చక్కగా చెప్పిందో చూశారుగా."

*

మర్నాడు పొద్దున మిడత గొళ్ళెం చప్పుడు కాకుండా తీసి వెళ్ళింది. రెండు నిమిషాలాగి తల్లీ బయల్దేరింది. వీధి దీపాలు ఇంకా ఆరలేదు. పేపర్లు పంచేవాడి సైకిలు తప్ప ఎవరూ లేరు. పిల్ల రోడ్డు మలుపులో ఆగుతుందేమో, ఎవరైనా కలుస్తారేమో అని చూస్తూనే ఉంది. ఎవరూ కలవలేదు. బడి వెనక గోడలో ఒరిగిపోయిన చిన్న గేటుంది. మిడత అందులోంచి లోపలికి పోయింది. తల్లి సైకిళ్ళ షెడ్డు చాటున నిలబడింది.

మిడత ముందు పంపు దగ్గరికెళ్ళి డబ్బా నిండా నీళ్ళు పట్టి ఇసకగుంటలో చల్లింది. అలా నాలుగుసార్లు. తర్వాత పార తీసుకుని ఇసకంతా ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తిరగేసింది. అట్టముక్కతో చదును చేసింది. ఇంట్లో చీపురు పట్టుకోమంటే నడుము నొప్పని వంక పెట్టే పిల్లేనా ఇది అనుకుంది తల్లి.

ఆ తర్వాత బడి మెట్లు. ఎడమకాలి మీద ఒంటికాలితో పదమూడు మెట్లెక్కింది, నడుస్తూ దిగింది, మళ్ళీ ఎక్కింది. ఆరోసారికి మధ్యలో తూలి చేతులు ఆనించింది. కిందికి దిగొచ్చి మొదటి మెట్టు నుంచి మళ్ళీ మొదలెట్టింది. బూటు సంగతి తేలింది.

అప్పుడు దూకడం మొదలైంది. అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కెళ్ళి, ఒక రాయి గుర్తుగా పెట్టి, అక్కణ్ణుంచి పరుగెత్తుకొచ్చి గుంట ముందు పాతిన చెక్క మీద కాలు మోపి ఎగిరింది. ఇసకలో కూలబడగానే వెనక్కి తిరిగి చూడకుండా పక్కనుంచి జాగ్రత్తగా బయటికొచ్చి, మెడలోంచి టేపు తీసింది. అది కుట్టుపని టేపు, మీటరున్నర పొడుగే ఉంటుంది. మడమ పడిన చోటి నుంచి పరిచి, కొసన ఒక తలపిన్ను గుచ్చి, అక్కణ్ణుంచి మళ్ళీ పరిచి, ఇంకో పిన్ను గుచ్చి, అలా చెక్క దాకా వచ్చింది. చూసిన అంకె తనలో తనే అనుకుంది. తల అడ్డంగా ఊపింది. ఇసక చదును చేసింది. మళ్ళీ వెనక్కెళ్ళింది.

పదకొండుసార్లు దూకింది. తొమ్మిదోసారి లేవడానికి చాలాసేపు పట్టింది, మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుండిపోయింది. తల్లి షెడ్డు చాటునుంచి ఒక అడుగు ముందుకేసి, ఆగిపోయింది.

అబ్బాయి లేడు. ఎవరూ లేరు. హమ్మయ్య అనుకోవాలి. ఇంటికి తిరిగొస్తూ అనుకుంది కూడా. కానీ వీధి చివరికొచ్చేసరికి ఇంకో ప్రశ్న పట్టుకుంది. దూకడమే అయితే దాపరికమెందుకు? సెలక్షన్లో మొదటొచ్చిన పిల్ల పొద్దున వెళ్ళి దూకుతానంటే కాదనేదెవరు? ఎవరో దీన్ని బెదిరించి ఉండాలి. ఇంకా ఎక్కువ దూకకపోతే పేరు తీసేస్తామని చెప్పి ఉండాలి.

ఎవరో కూడా ఆమెకి చటుక్కున తట్టింది. సెలక్షన్లో రెండోదిగా వచ్చిన పిల్ల పొడుగ్గా ఉంటుంది, అందరూ నిచ్చెన అంటారు. ఆ పిల్ల తండ్రికి మందుల షాపుంది. బడి ఆటలకి దెబ్బలకి పూసే మందూ దూదీ గ్లూకోజూ ఆయనే పంపుతాడు. ఊరికే పంపుతాడా ఎవరైనా? డ్రిల్లు మాస్టారు రోజూ సాయంత్రం ఆ షాపు ముందు నిలబడి కబుర్లు చెప్పడం ఆమె ఎన్నిసార్లు చూడలేదు! శుక్రవారం పేర్లు జిల్లాకి పంపుతారు. ఈలోపు ఏదో ఒకటి చేసి మిడత పేరు కొట్టేస్తారన్నమాట.

అంతా అతికినట్టు కుదిరింది. ఆమెకి కోపంతో పాటు కొంచెం తృప్తి కూడా కలిగింది.

*

బుధవారం సాయంత్రం షాపులో గంట ముందే సెలవడిగి మైదానానికి వెళ్ళింది. చంకలో పొట్లం, ఆటల బనీన్లకి నంబర్లు కుట్టమని డ్రిల్లు మాస్టారు ఎప్పుడో ఇచ్చినవి. మంచి వంక దొరికింది.

మిడత, నిచ్చెన, ఇంకో నలుగురు దూకుతున్నారు. తల్లిని చూసి మిడత పరుగు మధ్యలో ఆపేసింది.

"ఏంటమ్మా ఇలా వచ్చావు?"

"బనీన్లు ఇద్దామని. నీ పని నువ్వు చూసుకో."

డ్రిల్లు మాస్టారు బట్టతల మనిషి, మెడలో విజిలు. ఇసకలో గుర్తు దగ్గర కూర్చుని పెద్ద టేపు కొస పట్టుకున్నాడు. చెక్క దగ్గర ఒక చిన్న క్లాసు పిల్ల టేపు చుట్ట పట్టుకుని, "నాలుగు మీటర్ల అరవై ఎనిమిది!" అని అరిచింది. "యాభై ఎనిమిది," అన్నాడు మాస్టారు. అది నిచ్చెన దూకుడు.

తల్లికి ఒళ్ళు మండింది. పట్టపగలు, అందరి ముందు! కానీ తగ్గించింది నిచ్చెనకి కదా. అర్థం కాలేదు.

"అదేంటి మాస్టారూ, పిల్ల అరవై ఎనిమిదంటే మీరు యాభై ఎనిమిదంటారు?"

"ఇదిగో." ఆయన టేపు కొస ఎత్తి చూపించాడు. తెగిపోయి పీచులేచిన కొస. సున్నా లేదు, ఒకటి లేదు. పది దగ్గర మొదలవుతోంది. "మొదటి పది సెంటీమీటర్లు ఎప్పుడో తెగిపోయాయి. కొత్త టేపు కోసం రెండేళ్ళుగా కాగితాలు పెడుతున్నా. అందాకా వచ్చిన అంకెలోంచి పది తీసేస్తాం. అందరికీ అంతే."

"అందరికీనా?"

మాస్టారు ఆమె మొహంలోకి చూశాడు. ఇలాంటి తల్లుల్ని చాలామందిని చూసినవాడు. "మీ అనుమానమేంటో చెప్పండమ్మా."

"మా పిల్ల పేరు శుక్రవారం వెళ్తుందా, మారుతుందా?"

"మారడమెందుకు?"

"మందుల షాపాయన పిల్ల రెండోదని."

మాస్టారికి కోపం వచ్చింది. లేచి, చెట్టుకింద కుర్చీ మీదున్న పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "సెలక్షన్ రోజు దూకుళ్ళు అన్నీ ఇందులో ఉన్నాయి. మీరు కొలతలు తెలిసిన మనిషి. కూర్చుని చూసుకోండి."

ఆమె కూర్చుని చూసింది. ఆరుగురు, తలా మూడు దూకుళ్ళు. మాస్టారి రాత ముద్దగా ఉంటుంది. ప్రతి గడిలో పైన పిలిచిన అంకె, కింద పది తీసేసిన అంకె, దాని చుట్టూ సున్నా. నిచ్చెన మూడో దూకుడు: పైన నాలుగు డెబ్భై ఒకటి, కింద నాలుగు అరవై ఒకటి. కుట్టు వెంబడి వేలు జరిపినట్టు వరసగా జరుపుకుంటూ వచ్చింది. మిడత మొదటిది: పైన యాభై ఎనిమిది, కింద నలభై ఎనిమిది. రెండోది ఫౌల్. మూడోది నాలుగు అరవై ఆరు.

పైన ఏం లేదు. కింద ఏం లేదు. ఒకటే అంకె, గడి మధ్యలో, గుండ్రంగా పొందికైన వేరే చేతిరాతతో.

"ఈ చివరిది మీ రాత కాదే," అంది. గొంతు మామూలుగానే వచ్చింది.

"ఏదీ? ఆ... అప్పుడు హెడ్మాస్టరు ఫోనుకి పిలిచారు. డ్రాయింగు టీచరుగారు రాశారు. భలే దూకింది లెండి ఆఖర్న. నేను చూడలేకపోయాను."

డ్రాయింగు టీచరు పిల్ల అరిచిన అంకె అరిచినట్టు రాసింది. పది తీసెయ్యాలని ఆమెకెవరూ చెప్పలేదు. నాలుగు అరవై ఆరు కాదు. నాలుగు యాభై ఆరు. నిచ్చెనది నాలుగు అరవై ఒకటి.

మైదానంలో మిడత చెక్క దగ్గర నిలబడి తల్లినే చూస్తోంది. ఇంతదూరం నుంచి కూడా ఆ చూపు ఏమంటోందో తెలిసిపోయింది.

"చూశారుగా? అన్నీ సరిగ్గా ఉన్నాయా?" అన్నాడు మాస్టారు.

ఆమె పుస్తకం మూసింది. "సరిగ్గానే ఉన్నాయి మాస్టారూ," అంది.

గేటు దగ్గర మందుల షాపాయన ఎదురయ్యాడు, చేతిలో గ్లూకోజు డబ్బా. "మీ అమ్మాయి బాగా దూకిందమ్మా ఆ రోజు," అన్నాడు. "మావాడు... మావాడంటాను, అలవాటు, మా పిల్ల రెండ్రోజులు ఏడ్చింది. తర్వాత తనే అంది, మిడత నాకన్నా ఎక్కువ కష్టపడుతుంది నాన్నా అని. ఇంక మేమేం మాట్లాడతాం!" ఆయన నవ్వు వెనక ఏమైనా ఉందేమోనని వెతికింది. ఏమీ దొరకలేదు.

*

ఇంట్లో నాన్నమ్మ పక్కింటికి వెళ్ళింది, ప్లంబరు ఇంకా రాలేదు. మిడత బూట్లు విప్పుకుని అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. తల్లి పిగిలిన నిక్కరు తీసుకుని ఎదురుగా కూర్చుని, దారం ఎక్కించి, తల ఎత్తకుండా అడిగింది.

"నిన్న పొద్దున ఎంతొచ్చింది?"

మిడత విడిచిన బూటులోంచి ఇసక దులిపింది. "నువ్వొచ్చావా?"

"ఎంతొచ్చింది?"

"యాభై ఏడు. ఇవాళ యాభై తొమ్మిది."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"దూకి లేచినప్పట్నుంచి." మిడత పాదం తిప్పుకుని మడమ నొక్కుకుంది. "గుంట పక్కన ఇటుకలు పేర్చి ఉంటాయి కదా. ఏ ఇటుక దగ్గర పడితే ఎంతో మాకు తెలుసు. అరవై ఆరంటే ఒక ఇటుక దాటి పడాలి. నేను దాటలేదు. టీచరు పది తియ్యకుండా రాసేశారు. చెప్దామనుకునేలోపే అందరూ ఎత్తేసుకున్నారు. నిచ్చెన కూడా వాటేసుకుంది. ఇంటికొస్తే నాన్నమ్మ వీధంతా చెప్పేసింది. రేపు చెప్దామనుకున్నా. మర్నాడు ఇంకా కష్టమైంది."

"అందుకని పొద్దున్నే..."

"పోటీలకి ఇంకా పదిహేను రోజులుంది. ఈలోపు నిజంగా అరవై ఆరు దూకేస్తే సరిపోతుంది కదమ్మా? రాసినంతా దూకేస్తే, అప్పుడింక అబద్ధం కానట్టే కదా?"

ఆమె సూది గుడ్డలోనే ఉండిపోయింది. రెండు వారాలుగా ఈ పిల్ల మోస్తున్నదేంటో ఇప్పుడు కనబడింది: నీళ్ళ డబ్బాలు, పార, మెట్లు, పదకొండు దూకుళ్ళు, ఇవన్నీ ఆ ఒక్క గడిలోని అంకెని అందుకోవడానికి. దొంగతనం చేసిన పిల్లలు ఇంత కష్టపడరు. ఈ కష్టానికైనా ఆ చోటు దీనికే రావాలి కదా! నిచ్చెనకేం తక్కువ, తండ్రి చదివించుకుంటాడు. హాస్టలు సీటు పోతే మిడతకి ఇంకేముంది?

"ఎవరితోనూ అనకు," అంది.

మిడత తలెత్తి చూసింది. ఊరట కలుగుతుందనుకున్న మొహంలో అది కనబడలేదు. తిడుతుందని ఎదురుచూసిన మనిషి తిట్టకపోతే భయపడినట్టుగా ఉంది.

"సరే," అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

*

గురువారం లెక్కల మాస్టారు ప్యాంటు తీసుకెళ్ళిన కాసేపటికి మెట్లమీద మళ్ళీ అడుగుల చప్పుడు. వంగి దిగుతున్న ఆ పొడుగు చూడగానే ఆమె మిషను ఆపేసింది. నిచ్చెన.

"ఆంటీ, ఒక చిన్న పని. చేసి పెడతారా?" చేతిలో పాత స్పంజి ముక్క. "మడమ కింద పెట్టుకోవడానికి మెత్త కావాలి. దూకిదూకి కమిలిపోయింది. ఉత్త స్పంజి పెడితే జారిపోతోంది."

"నువ్వు వెళ్ళట్లేదు కదా పోటీలకి," అంది ఆమె. అన్నాక కటువుగా వినబడింది.

"వెళ్ళనాంటీ. కానీ రెండోదాన్ని కదా, మిడతకి జ్వరమో ఏదో వస్తే నేను వెళ్ళాలి. రాకూడదనుకోండి!" గాభరాగా అంది. "సార్ మానెయ్యొద్దన్నారు. ఎలాగూ వచ్చే ఏడాది ఉందిగా."

ఆమె అనుమానంగా చూసింది. ఏమైనా తెలిసి వచ్చిందా? తను పుస్తకం చూసిందని విని, కూపీ లాగడానికొచ్చిందా? "కాలు పెట్టు," అని స్టూలు జరిపింది. ఆ పిల్ల బూటు విప్పి కాలు పెట్టింది. మడమ అంతా నల్లగా, అంచున పసుపుపచ్చగా కమిలి ఉంది. మిడతదీ అచ్చం ఇలాగే ఉంటుంది. ఉప్పునీళ్ళలో పెట్టుకోమని రోజూ పోరుతుంది.

కాగితం మీద మడమ చుట్టూ పెన్సిలుతో గీసింది. పిల్ల చక్కిలిగింతకి కాలు లాక్కుని నవ్వింది.

"కదలకు. కదిలితే కొలత తప్పుతుంది."

"మిడత కూడా అదే అంటుందాంటీ. నా అడుగుల కొలత సరిచేసింది తనే తెలుసా? నేను పద్నాలుగు అడుగుల్లో పరుగెత్తేదాన్ని, కాలు చెక్క దాటిపోయేది. పదిహేను చేసుకో అంది. అందుకే ఆ రోజు నాకు అరవై ఒకటి వచ్చింది. లేకపోతే నాకంత రాదు."

ఆమె గీత పూర్తిచేసింది. స్పంజి కత్తిరించి, పైన కింద కాటన్ గుడ్డ వేసి, జారకుండా వెనక ఒక ఎలాస్టిక్ పట్టీ కుట్టింది. కుడుతున్నంతసేపూ నిచ్చెన స్టూలు మీద కూర్చుని, మిడత ఈసారి ఎంత దూకుతుందో, ఎదురొచ్చే బడుల్లో ఎవరు గట్టివాళ్ళో ఏకధాటిగా చెప్పింది. ఎక్కడా ఒక్క మాట పక్కకి పోలేదు. ఆమె విన్నది, ఇంకా విన్నది, పట్టుకోవడానికి ఏదీ దొరకలేదు. ఈ అమ్మాయికి రావాల్సిన చోటు ఏ గడిలో తప్పిపోయిందో ఈ గదిలో తనకొక్కదానికే తెలుసు. ఆ పుస్తకం మూసేసి సరిగ్గానే ఉంది అన్నది కూడా తనే.

నిచ్చెన మెత్త పెట్టుకుని రెండుసార్లు ఎగిరి చూసుకుంది. తల మెట్లకి తగిలింది. "సరిగ్గా సరిపోయిందాంటీ!" అంది తల రుద్దుకుంటూ.

*

రాత్రి ఎనిమిదింటికి నలుగురూ అన్నానికి కూర్చున్నారు. ప్లంబరు ఎవరింట్లోనో పైపు మధ్యలో పిల్లల బంతి ఇరుక్కున్న కథ చెప్పాడు. నాన్నమ్మ, రేపు పేర్లు వెళ్తాయట కదా, మిడత ఫొటో పేపర్లో వేస్తారా అని అడిగింది. మిడత కంచంలో మెతుకులు ఒక పక్కకి తోస్తోంది.

"రేపు పొద్దున నేను షాపుకి వెళ్ళట్లేదు," అంది తల్లి. "బడికి వెళ్తున్నా. పుస్తకంలో మన పిల్ల చివరి దూకుడుకి పది తగ్గించలేదు. నాలుగు యాభై ఆరే దూకింది. మొదటొచ్చింది నిచ్చెన. నిన్న చూశాను, చూసి కూడా సరిగ్గా ఉందని అబద్ధమాడాను. రేపు మాస్టారికి చెప్తా."

ప్లంబరు ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. "అదేంటి? అసలు..."

"మతి పోయిందా అమ్మాయ్?" అంది నాన్నమ్మ. "వాళ్ళు రాసుకున్నారు, వాళ్ళ తప్పు. మనమేమైనా దిద్దామా? ఊరందరి మీదా అనుమానపడేదానివి, నీకు దొరికింది సొంత కూతురేనా?"

"నా మీద కూడా పడ్డానత్తయ్యా. ఆలస్యంగా పడ్డాను, అంతే."

మిడత చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడింది. ఏడుస్తుందనుకుంది తల్లి. ఏడవలేదు. రెండు వారాల్లో మొదటిసారి భుజాలు దించి నిలబడింది.

"నువ్వెందుకు చెప్పడం? దూకింది నేను. నేనే చెప్తా. నువ్వు పక్కన నిలబడు చాలు."

"సీటు, తల్లీ..." అన్నాడు ప్లంబరు మెల్లిగా.

"మళ్ళీ దూకమంటే దూకుతా. వద్దంటే నిచ్చెన వెళ్తుంది. నేను రెండోదాన్ని." మళ్ళీ కూర్చుని కంచం దగ్గరికి లాక్కుంది. ఒక ముద్ద తిని, నమిలి, మింగి, తల్లి వైపు తిరిగింది.

"బడి తొమ్మిదింటికి. నన్ను మాత్రం ఐదున్నరకే లేపు. యాభై తొమ్మిదితో రెండోదాన్ని కూడా కాలేను వచ్చే ఏడాది."